ఇసుకలో నిప్పు

కరువు నేలకు కరెంటు కథ: పన్నెండో భాగం

కిందటి భాగంలో తుంగభద్ర జలవిద్యుత్తు దగ్గర ఆగాం. నీటి కరెంటుకు ఒక ఇబ్బంది ఉంది. వాన తప్పిన ఏడు అదీ తప్పుతుంది, సరిగ్గా ఆ ఏడే రైతుకు బోరు మోటారు ఎక్కువసేపు ఆడాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని అనంతపురం పీఠభూమిలో ఈ చిక్కు ఇంకా గట్టిగా బిగుసుకుంది. బోర్లు లోతుకు పోయాయి, మోటార్ల హెచ్‌పీ పెరిగింది. ఆ మోటార్లను ఆడించే భారం చివరికి బొగ్గు మీద పడింది. ఈ భాగం ఆ బొగ్గు గురించి. దాన్ని తక్కువ మురికితో మండించాలని జీవితాలు వెచ్చించిన కొందరు ఇంజినీరింగ్ ప్రొఫెసర్ల గురించి కూడా.

1994లో ముద్దనూరు దగ్గర కలమళ్లలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. దాని సామర్థ్యం 210 మెగావాట్లు. మరుసటి ఏడు రెండోది వచ్చింది. అలా అయిదు యూనిట్లయ్యాక, 2018లో 600 మెగావాట్ల ఆరో యూనిట్ చేరి మొత్తం 1650 మెగావాట్లయింది. కేంద్రం కడప జిల్లాలో ఉన్నా అక్కడికి నీళ్లు వచ్చేది పెన్న మీది మైలవరం జలాశయం నుంచి. అనంతపురం జిల్లా గుండా పారివచ్చిన పెన్నా, చిత్రావతి నీళ్లే కలిసి ఆ జలాశయం చేరతాయి. బొగ్గు మాత్రం సింగరేణి గనుల నుంచి వందల కిలోమీటర్లు రైలెక్కి రావాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు 700 గ్రాములు కాలాలి. 210 మెగావాట్ల యూనిట్ రోజంతా నిండుగా ఆడితే 50 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. దానికి దాదాపు 3500 టన్నుల బొగ్గు కావాలి, అంటే ఒక గూడ్సు రేకు. అందులో నూటికి 40 పాళ్లు బూడిద అనుకుంటే 1400 టన్నులు. 58 వ్యాగన్ల రేకులో 20కి పైగా వ్యాగన్ల బరువు మండని మట్టీ రాయే. రైలు ఆ మట్టిని మోస్తుంది, మిల్లు ఆ రాయిని పిండి చేస్తుంది, బాయిలర్ దాన్ని కాగబెడుతుంది. చివరికి అదంతా బూడిదై కొంత యాష్ పాండ్‌కు, కొంత లారీల్లో తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది.

ఇదే లెక్కను రైతు వైపు నుంచి వేస్తే ఇంకా దగ్గరగా కనబడుతుంది. 5 హెచ్‌పీ మోటారు తొమ్మిది గంటలు ఆడితే 33 యూనిట్లు. దాని వెనక 23 కిలోల బొగ్గు, 9 కిలోల బూడిద ఉన్నాయి. పాత థర్మల్ కేంద్రాలు యూనిట్‌కు మూడున్నర లీటర్లకు మించి నీళ్లు వాడకూడదని 2015 నిబంధన. అంతమేరకే వాడాయనుకున్నా ఆ 33 యూనిట్లకు 115 లీటర్లు ఖర్చు. తీగల్లో పోయే నష్టం ఇందులో కలపలేదు. అర్ధరాత్రి స్టార్టర్ దగ్గర కూర్చుని కరెంటు కోసం ఎదురుచూసే రైతుకు ఈ 9 కిలోల బూడిద కనబడదు. అది వేరే ఊరివాళ్ల ఇంటి కప్పుల మీద పడుతుంది.

మన బొగ్గులో ఇంత బూడిద ఎందుకుంది? 1871లో ఇల్లెందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించిన బొగ్గు గోండ్వానా కాలపుది, పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. అది ఏర్పడిన తీరులోనే తేడా ఉంది. ఐరోపా బొగ్గు చాలావరకు చెట్లు పెరిగిన చోటే కుళ్లి, పూడి తయారైంది. మనదాంట్లో ఎక్కువ భాగం వరదలు కొట్టుకొచ్చిన చెట్టూ చేమా మట్టితో కలిసి పేరుకున్నది. అందుకే మట్టి పైపైన అంటుకుని లేదు, రేణువు లోపల రేణువుగా కలిసిపోయింది. కడిగితే కొంత పోతుంది గానీ చాలా ఉండిపోతుంది. గనికి దూరంగా ఉన్న కేంద్రాలు 34 శాతానికి మించి బూడిద ఉన్న బొగ్గు వాడకూడదని 1997లో ఒక నిబంధన పెట్టారు. 2020 మే నెలలో దాన్ని ఎత్తేశారు.

మన బొగ్గుకు ఒక మంచి గుణమూ ఉంది. గంధకం తక్కువ, అర శాతం అటూ ఇటూ. ఈ రెండు గుణాలను గుర్తుపెట్టుకోవాలి: బూడిద ఎక్కువ, గంధకం తక్కువ. ప్రపంచంలో శుభ్రమైన బొగ్గు కోసం జరిగిన పరిశోధనలో పెద్ద భాగం దీనికి సరిగ్గా తిరగేసిన బొగ్గు మీద జరిగింది. మన కథంతా ఆ తేడా చుట్టూ తిరుగుతుంది.

లండన్‌లో 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా పొగమంచు ఊరిని కమ్మేసింది. ఇళ్లలో, ఫ్యాక్టరీలలో కాలిన బొగ్గు పొగ, గంధకపు వాయువు, చలికాలపు మంచు కలిసి కదలకుండా నిలబడిపోయాయి. అప్పట్లోనే 4000 మంది చనిపోయారని అంచనా వేశారు, తర్వాతి అధ్యయనాలు అంతకు చాలా ఎక్కువే అన్నాయి. 1956లో బ్రిటన్ స్వచ్ఛమైన గాలి చట్టం తెచ్చింది. ఆ తర్వాత ఐరోపా అడవులూ, అమెరికా సరస్సులూ ఆమ్లవర్షానికి దెబ్బతిన్నాయి. దాంతో అక్కడి ప్రయోగశాలలకు ముఖ్య శత్రువు గంధకమైంది. దాని తర్వాత నైట్రోజన్ ఆక్సైడ్లు. బూడిద వాళ్లకు మూడో మాట.

ఈ నేపథ్యంలోనే ఇసుకలో నిప్పు ముందుకొచ్చింది. దాని పుట్టుక మాత్రం అంతకన్నా పాతది. 1921 డిసెంబరులో జర్మనీ బీఏఎస్ఎఫ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ వింక్లర్, బొగ్గు నలుసుల పొర కింది నుంచి వాయువును ఊదుతూ ఒక విషయం గమనించారు. ఊదే వేగం ఒక స్థాయి దాటగానే ఆ నలుసులు పొంగి, కదిలి, కాగుతున్న ద్రవంలా ప్రవర్తించాయి. 1926కల్లా లాయినా పట్టణంలో ఆ సూత్రంతో బొగ్గు నుంచి వాయువు తీసే పెద్ద యంత్రం ఆడింది. అయినా దాన్ని నేరుగా బొగ్గు మండించడానికి వాడాలన్న పట్టుదల చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు.

మన వైపు బొరుగుల బట్టీ చూసినవాళ్లకు ఈ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. బాణలిలో ఇసుక బాగా కాగుతుంది. దాంట్లో బియ్యం వేసి కలియబెడితే క్షణాల్లో అన్ని గింజలూ ఒక్కలాగే పొంగుతాయి, ఒక్కటీ మాడదు. నిప్పు నేరుగా గింజను తాకదు, వేడి ఇసుక ద్వారా చేరుతుంది. బాయిలర్‌లో ఇసుకను కలియబెట్టేది గరిటె కాదు, అడుగు నుంచి వచ్చే గాలి. ఇసుకలో బొగ్గు పాలు నూటికి రెండు మూడే. వేడి ఇసుక మధ్య పడ్డ ప్రతి నలుసూ అంటుకుని కాలిపోతుంది. మంట 800 నుంచి 900 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటుంది.

ఆ ఉష్ణోగ్రతలోనే అసలు లాభం ఉంది. పొడి బొగ్గు బాయిలర్లలో మంట 1300 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి గాలిలోని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసి విషవాయువవుతుంది. ఇసుక మంటలో ఆ పని దాదాపు జరగదు. ఇంకో మేలు కూడా ఉంది. ఆ ఇసుకలోనే సున్నపురాయి పొడి వేస్తే, బొగ్గులోంచి వచ్చిన గంధకపు వాయువును అది అక్కడికక్కడే పట్టి జిప్సంలాంటి పొడిగా మారుస్తుంది. 850 డిగ్రీల చుట్టుపక్కల ఈ పట్టు బలంగా ఉంటుంది. వేడి బాగా పెరిగితే పట్టు సడలుతుంది. పొగగొట్టం దగ్గర వేరే కర్మాగారం కట్టి గంధకాన్ని కడగనక్కర్లేదు.

1960లలో బ్రిటన్‌లో ఈ ఆలోచనను భుజాన వేసుకుని తిరిగినవారు డగ్లస్ ఇలియట్. విద్యుత్ బోర్డు మార్చ్‌వుడ్ ప్రయోగశాలలో పనిచేసిన ఈయన తర్వాత బర్మింగ్‌హామ్ ఆస్టన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసరయ్యారు. అప్పటికి చమురు చవక, అణువిద్యుత్తు మీద ఆశలు ఆకాశంలో ఉన్నాయి. బొగ్గు కాలం చెల్లిందని పెద్దలు తేల్చేసిన రోజుల్లో, తక్కువరకం బొగ్గును కూడా చిన్న కొలిమిలో శుభ్రంగా కాల్చవచ్చని ఆయన వాదించారు. 1973-74లో చమురు ధర నాలుగింతలయ్యాక గానీ ఆ వాదన చెవికెక్కలేదు.

ఇదే కాలపు ఇంకో ప్రొఫెసర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. యానోష్ బేర్ 1923లో బుడాపెస్ట్‌లో పుట్టారు. హంగరీ తిరుగుబాటును 1956లో అణిచేశాక దేశం వదిలి బ్రిటన్ చేరారు. బాయిలర్ కంపెనీలో పనిచేసి, షెఫీల్డ్‌లో పీహెచ్‌డీ చేసి, నెదర్లాండ్స్ సముద్రతీరంలో ఐమ్యూడెన్‌లోని అంతర్జాతీయ జ్వాలా పరిశోధన కేంద్రంలో పెద్ద పెద్ద మంటల మధ్య కొలతలు తీశారు. తర్వాత అమెరికా పెన్‌స్టేట్, మళ్లీ షెఫీల్డ్, 1976 నుంచి ఎంఐటీ. మంటలో గాలి ఎలా తిరుగుతుంది, బొగ్గు నలుసు ఏ క్షణంలో ఏం కోల్పోతుంది అన్నదే జీవితమంతా ఆయన పట్టిన పని. గాలినంతా ఒకేసారి ఇవ్వకుండా అంచెలంచెలుగా ఇస్తే, బొగ్గులోంచి వెలువడే నైట్రోజన్ విషవాయువు కాకుండా మామూలు నైట్రోజన్‌గా వెళ్లిపోతుందన్న సూత్రాన్ని బర్నర్ల రూపంలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యులు. ఇసుక మంట మీద కూడా 1970లలో విస్తారంగా రాశారు. 2018లో కన్నుమూశారు. ఆయన కొన్నాళ్లు పాఠాలు చెప్పిన పెన్‌స్టేట్‌లోనే తర్వాతి తరంలో పిసుపాటి శర్మ బొగ్గు దహనం, గ్యాసిఫికేషన్ మీద దీర్ఘకాలం పరిశోధన చేస్తూ వచ్చారు.

1970ల చివర ఇసుక మంట ఇంకో మలుపు తిరిగింది. గాలి వేగం ఇంకా పెంచితే ఇసుక అడుగున కాగుతూ ఉండిపోదు, కొలిమి పైదాకా ఎగిరిపోతుంది. ఎగిరిన ఇసుకను సైక్లోన్ అనే గరాటులో పట్టి మళ్లీ అడుగుకు చేర్చితే, ఇసుకా కాలని బొగ్గూ ఆగకుండా చుట్లు తిరుగుతుంటాయి. ఫిన్లాండ్‌లో ఆల్‌స్ట్రోమ్, జర్మనీలో లుర్గీ కంపెనీలు దీన్ని వాణిజ్య యంత్రంగా నిలబెట్టాయి. కానీ అలా ఎగిరే ఇసుక, గోడల్లోని నీటి గొట్టాలకు ఎంత వేడి ఇస్తుంది? పైన ఎంత, కింద ఎంత, మూలల్లో ఎంత? ఇది తేలకుండా పెద్ద బాయిలర్ గీయలేరు. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన ప్రయోగశాలల్లో ఒకటి ఖరగ్‌పూర్ ఐఐటీలో ఉంది.

అక్కడి ప్రొఫెసర్ పి.కె.నాగ్ పేరు అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివిన వాళ్లందరికీ తెలుసు. థర్మోడైనమిక్స్‌కూ, పవర్ ప్లాంట్ ఇంజినీరింగ్‌కూ ఆయన పుస్తకాలు చదవకుండా పరీక్ష గట్టెక్కినవాళ్లు తక్కువ. ఆ కాలేజీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1946లో మద్రాసు గిండీ ఆవరణలో మొదలై, 1948లో అనంతపురానికి తరలివచ్చింది. 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది. సీమలో కరెంటు స్తంభం పాతిన కాలానికి, ఆ స్తంభం లెక్క వేయగల ఇంజినీరును సీమలోనే తయారుచేసింది ఈ కాలేజీయే.

నాగ్ దగ్గర పరిశోధన చేసినవారిలో బాలె వి. రెడ్డి ఒకరు. వాళ్లిద్దరి ప్రయోగ యంత్రాన్ని దగ్గరగా చూద్దాం. పైకి నిలబెట్టిన చతురస్రపు గొట్టం. అడ్డకొలత 102 మిల్లీమీటర్లు, నాలుగువైపులా అంతే, అంటే నాలుగంగుళాలు. ఎత్తు 5.25 మీటర్లు. పక్కనే ఇసుక తిరిగి దిగడానికి అంతే కొలతల ఇంకో గొట్టం. అడుగు నుంచి గాలి ఊదితే ఇసుక లేచి పైదాకా పోయి, సైక్లోన్‌లో తిరిగి, పక్క గొట్టంలోంచి కిందికి జారి మళ్లీ మొదటికి వస్తుంది. గొట్టం పొడవునా వేడి కొలిచే ప్రోబులు. గాలి వేగం మార్చడం, ఇసుక సైజు మార్చడం, పై మూత ఆకారం మార్చడం, ప్రతిసారీ కొలత రాసుకోవడం. 1997 నుంచి వరసగా వచ్చిన వాళ్ల పరిశోధన వ్యాసాల్లో ఈ కొలతలే ఉన్నాయి. ఎత్తు పెరిగేకొద్దీ ఇసుక పలచబడి గోడకు చేరే వేడి తగ్గడం, మధ్య కన్నా గోడ దగ్గర ఇసుక చిక్కగా ఉండడం లాంటి విషయాలు బయటివాడికి చిన్నవిగా అనిపిస్తాయి. బాయిలర్ గీసేవాడికి గొట్టం ఎక్కడ పెట్టాలో చెప్పేవి అవే. తర్వాత రెడ్డి కెనడా వెళ్లి, ఈ రంగంలో ప్రామాణిక గ్రంథాలు రాసిన ప్రబీర్ బసుతో కలిసి, ఒత్తిడి పెంచిన ఇసుక కొలిమిలో వేడి ఎలా ప్రసరిస్తుందో చెప్పే గణిత నమూనా రూపొందించారు. అది 2001లో అచ్చయింది. ఆ తర్వాత ఒంటారియో టెక్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా బొగ్గు గ్యాసిఫికేషన్, కంబైన్డ్ సైకిల్, వృథా వేడి వాడకం వైపు పరిశోధనను విస్తరించారు.

ఒక ప్రొఫెసర్ జీవితంలో ఇంత పెద్ద భాగం నాలుగంగుళాల గొట్టంలో ఇసుక ఎలా ఎగురుతుందో చూడడంలో గడుస్తుంది. దీన్ని నేను చాలా గౌరవంగా చూస్తాను. కేంద్రాలకు రిబ్బన్ కత్తిరించిన వాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి. ఆ కేంద్రంలో గొట్టం పగలకుండా ఉండడానికి కావలసిన అంకె కనుక్కున్నవాళ్ల పేర్లు ఉండవు. ఈ ధారావాహికలో వాళ్లకు చోటివ్వడం నా పని అనుకుంటున్నాను.

ఇప్పుడు మన బొగ్గు దగ్గరికి రావాలి. ఇసుక మంట ముఖ్యంగా గంధకాన్ని పట్టడానికి పెరిగిన విద్య. అందుకే భారతదేశంలో పెద్ద విద్యుత్ కేంద్రాల స్థాయిలో అది ముందుగా చేరింది లిగ్నైట్ దగ్గరికి. గుజరాత్‌లో మాంగ్రోల్ దగ్గరి సూరత్ లిగ్నైట్ కేంద్రంలో 125 మెగావాట్ల యూనిట్లు రెండు, తర్వాత నైవేలీలో 250 మెగావాట్లవి. పొట్టు, పిప్పి, నాసిరకం బొగ్గు కాల్చే చిన్న ఫ్యాక్టరీల్లోనూ కాగే ఇసుక బాయిలర్లు దేశమంతా పాకాయి. శెనక్కాయ పొట్టు కూడా వాటిలో కాలుతుంది. ఇలియట్ కోరుకున్న చిన్న కొలిమి అలా మన ఊళ్లదాకా వచ్చింది. సింగరేణి బొగ్గు తినే పెద్ద కేంద్రాల్లో మాత్రం పొడి బొగ్గు పద్ధతే రాజ్యమేలింది. 24 ఏళ్ల తేడాతో కట్టిన ముద్దనూరు మొదటి యూనిట్టూ, ఆరో యూనిట్టూ రెండూ పొడి బొగ్గువే.

పొడి బొగ్గు బాయిలర్‌లో మన బూడిద రెండు రకాలుగా సతాయిస్తుంది. బూడిదలో క్వార్ట్జ్ ఎక్కువ. అది పొగతోపాటు వేగంగా పోతూ గొట్టాలను అరగదీస్తుంది. ట్యూబ్ లీకేజీ అన్న మాట థర్మల్ కేంద్రం ఉద్యోగుల నోట రోజూ వినబడేది ఇందుకే. ఒక సన్నటి చిల్లు పడితే యూనిట్టంతా షట్‌డౌన్.

రెండోది ఇంకా చిత్రమైనది. పొగలోని బూడిదను పట్టేది ఈఎస్‌పీ. అందులో రేణువులకు విద్యుదావేశం ఎక్కించి, వాటిని లోహపు పలకలకు అంటుకునేలా చేస్తారు. సుత్తులు పలకలను కొట్టి బూడిదను రాలుస్తాయి. బొగ్గులో గంధకం కొంచెం ఉంటే ఆ రేణువు మీద ఆమ్లపు పలుచని పొర ఏర్పడి, విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. మన బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఆ పొర సరిగా ఏర్పడదు. పైగా సిలికా, అల్యూమినా ఎక్కువ. రేణువు విద్యుత్తును అడ్డుకుంటుంది, పలక మీద పేరుకుని ఈఎస్‌పీ పనినే చెడగొడుతుంది. కాబట్టి మనకు ఇంకా పెద్ద ఈఎస్‌పీలు కావాలి, ఒక్కోచోట పొగలోకి అమ్మోనియా ఎక్కించాలి. ఏ గుణాన్ని మనం అదృష్టమనుకున్నామో అదే ఇక్కడ అడ్డం తిరిగింది. వేరే దేశపు బొగ్గుకు గీసిన యంత్రాన్ని తెచ్చి పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తోచదు. మన బొగ్గు మీద మన ప్రయోగశాలల్లోనే లెక్కలు కట్టాలి.

కట్టలేదా అంటే, కట్టారు. 1944లో నిజాం ప్రభుత్వం హైదరాబాదులో పరిశోధనశాలలు పెట్టింది. 1956లో అవి జాతీయ సంస్థలో భాగమై ప్రాంతీయ పరిశోధనశాలయ్యాయి, ఈనాటి ఐఐసీటీ అదే. హుస్సేన్ జహీర్ నాయకత్వంలో అక్కడ సింగరేణి బొగ్గును తక్కువ వేడిలో కాల్చి, పొగ రాని వంటబొగ్గునూ తారునూ తీయడం మీద పనిచేశారు. ఊరి పొయ్యిల పొగ గురించి అంత ముందుగా ఆలోచించినందుకు వాళ్లను తలుచుకోవాలి. రామగుండంలో బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేసే పెద్ద ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడి గ్యాసిఫైయర్ల సాంకేతికత జర్మనీది. బూడిద, కరెంటు కోతలు, యంత్రాల ఇబ్బందులతో కుంటుతూ 1999లో మూతపడింది. అదే చోట 2021లో తెరుచుకున్న కొత్త ఫ్యాక్టరీ సహజవాయువుతో నడుస్తోంది.

భెల్ వేసిన అడుగు ఇంకా గట్టిది. బొగ్గును నేరుగా మండించకుండా, ముందు వాయువుగా మార్చి శుభ్రం చేసి, ఆ వాయువుతో గ్యాస్ టర్బైనూ, మిగిలిన వేడితో ఆవిరి టర్బైనూ నడపడమన్న పద్ధతికి 1980ల చివర తిరుచ్చిలో 6.2 మెగావాట్ల ప్రదర్శన కేంద్రం కట్టింది. మొదట కదిలే పొర గ్యాసిఫైయర్ పెట్టారు. మన బూడిద బొగ్గుకు వింక్లర్ సూత్రమే నప్పుతుందని తర్వాత రోజుకు 168 టన్నుల బొగ్గు పట్టే, ఒత్తిడి కింద పనిచేసే కాగే ఇసుక గ్యాసిఫైయర్‌ను అమర్చారు. బూడిద కరగని వేడిలో పనిచేస్తుంది కాబట్టి నలభై పాళ్ల బూడిద ఉన్నా అది తట్టుకుంటుంది. ఆ అనుభవంతో విజయవాడలో జెన్‌కోతో కలిసి 125 మెగావాట్ల కేంద్రం కడతామని 2000 దశకం రెండో సగంలో ఒప్పందం కుదిరింది. దాన్ని 182 మెగావాట్లకు పెంచాలన్న మాటా వచ్చింది. కేంద్రం మాత్రం రాలేదు.

నన్ను బాధపెట్టేది ఈ చోటే. 6 మెగావాట్ల నుంచి 125 మెగావాట్లకు దాటే మెట్టు చాలా ఖరీదైనది, మొదటిసారి కట్టే యంత్రం మొరాయిస్తుంది కూడా. అమెరికాలో 1986లో మొదలైన శుభ్రమైన బొగ్గు కార్యక్రమంలో ఆ నష్టాన్ని ప్రభుత్వమూ కంపెనీలూ పంచుకున్నాయి. ఇక్కడ ఆ భారం ఎవరు మోయాలన్న ప్రశ్న తేలకుండానే, తెలిసిన పొడి బొగ్గు యూనిట్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి. కరెంటు కోతలతో జనం విసిగిపోయిన రోజుల్లో ఇంజినీర్లు తెలిసిన దారినే పట్టుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్లు చేసిన పని బీరువాల్లో ఉండిపోయింది.

ఇసుక మంటకూ తన దోషాలున్నాయి, చెప్పకుండా వదిలేయడం న్యాయం కాదు. తక్కువ వేడిలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గినా, నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు ఎక్కువ వస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు బలమైనది. సున్నపురాయి కాలినప్పుడు అదనంగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గు కాలితే వచ్చేది ఎలాగూ వస్తుంది. పొగ కంటికి కనబడనంత శుభ్రమైనా వాతావరణానికి ఆ బొగ్గు శుభ్రమైనది కాదు. ఈ విషయంలో గ్యాసిఫికేషన్ దారి కొంత మెరుగు, కార్బన్‌ను ముందే విడదీసి పట్టుకునే వీలు అక్కడ ఉంది.

2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలకు మొదటిసారి గంధకం, నైట్రోజన్ ఆక్సైడ్లు, పాదరసం, నీటి వాడకం మీద పరిమితులు పెట్టింది. రెండేళ్ల గడువు పదేపదే సాగింది. 2025 జులైలో, గంధకం కడిగే యంత్రాల నుంచి చాలా కేంద్రాలకు మినహాయింపు వచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువ కదా అన్నది వాదన. అందులో నిజముంది. సీమ లాంటి చోట గంధకం కడగడానికి ఇంకా నీళ్లు కావాలన్నదీ నిజమే. అయితే మన లెక్కనే మళ్లీ వేద్దాం. 3500 టన్నుల బొగ్గులో అర శాతం అంటే 17 టన్నుల పైచిలుకు గంధకం. అది కాలితే రోజుకు 35 టన్నుల వాయువు, ఒక్క 210 మెగావాట్ల యూనిట్ నుంచే. గాలిలో కొన్నాళ్లకు అదే సన్నటి ధూళిగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శాతం తక్కువైనా కాల్చే బొగ్గు ఎక్కువ. కడగడానికి నీళ్లు లేని చోటే, నీళ్లు అడగకుండా కొలిమిలోనే గంధకాన్ని పట్టే ఇసుక మంట గురించి గట్టిగా ఆలోచించి ఉండాల్సింది. కొత్త యూనిట్లు కట్టేటప్పుడు ఆ లెక్క బల్ల మీద ఉండాలని నా గట్టి అభిప్రాయం.

2021 సెప్టెంబరులో హైదరాబాదు భెల్ పరిశోధన కేంద్రం నుంచి ఒక చిన్న వార్త వచ్చింది. రోజుకు 1.2 టన్నుల బొగ్గు పట్టే కాగే పొర గ్యాసిఫైయర్‌తో, బూడిద ఎక్కువున్న మన బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మెథనాల్ తీశారు. స్వచ్ఛత 98 శాతం పైనే. అది పరిమాణంలో చాలా చిన్నదే. కానీ మన బొగ్గు కోసం మనవాళ్లు గీసిన యంత్రం మన బూడిదతోనే ఆడింది. దాని తర్వాతి మెట్టు ఎవరు కడతారో, ఎప్పుడు కడతారో చూడాలి.

ఈలోగా పీఠభూమి మీద ఇంకో రకం కరెంటు వచ్చింది. దానికి రేకు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, బూడిద రాదు. వచ్చే భాగం 1990లలో రామగిరి కొండల మీద లేచిన గాలిమరలతో మొదలవుతుంది.